జ్వరం తగ్గింది, నడక పోయింది
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసిందంతా చెప్పేశారు. నేను మంచం గురించి మాట్లాడతాను. ఆస్పత్రి మంచం.

కిందటి కార్తీకమాసంలో న్యుమోనియా వచ్చి 11 రోజులు ఒక ఆస్పత్రిలో ఉన్నాను. పేరు అనవసరం. ప్రాణం నిలబెట్టారు, కాదనను. డిశ్చార్జి కాగితంలో 'పరిస్థితి సంతృప్తికరం' అని రాశారు. జీవితమంతా ఫైళ్లు చదివినవాణ్ణి గదా, ఆ మాట దగ్గర ఆగిపోయాను. వెళ్లేటప్పుడు నా అంతట నేనే ఆటో ఎక్కాను. వచ్చేటప్పుడు ఇద్దరు మోసుకొచ్చారు. ఆ సంతృప్తి ఎవరిదో!

జరిగింది ఇదీ. 'లేవకండి తాతగారూ, పడిపోతారు' అన్నారు. బాత్‌రూమ్‌కు వెళ్లే పని లేకుండా మూత్రానికి గొట్టం వేశారు. అది ఎనిమిదో రోజు దాకా ఉంది. తిండి కూడా మంచంమీదే. మా ఆవిడ పథ్యమంటూ జావ తప్ప పెట్టలేదు. కళ్లజోడు, చెవి మిషను పోతాయని సంచిలో దాచింది. నాలుగో రాత్రి నేను నర్సమ్మను పట్టుకుని 'ట్రెజరీలో బిల్లు పాసయిందా?' అని అడిగానట. పిల్లలు నాకు మతి పోయిందనుకుని ఏడ్చారు.

ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పేదాకా మాకు తెలియలేదు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ముసలివాళ్లకు అలా హఠాత్తుగా తికమక రావడం మామూలేనట. డాక్టరుకు వెంటనే చెప్పాలి. కళ్లజోడు, చెవి మిషను పెట్టాలి, పగలు వెలుతురు, రాత్రి నిద్ర ఉండాలి, తెలిసిన ముఖం పక్కనుండాలి. కాళ్ల సంగతీ ఆమే చెప్పింది. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులు మంచంమీద ఉంచి చూస్తే కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిందని 2007లో ప్రకటించారట. ఇక జబ్బుపడి, జావ తాగేవాడి గతి ఏమిటి?

ఇది కొత్త సంగతీ కాదు. 1935లో లండన్ దగ్గర వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మ, ఇక లేవరని వదిలేసిన వందలాది వృద్ధులను ఒక్కొక్కరినే పరీక్షించి, లేపి నడిపించి, చాలామందిని ఇళ్లకు పంపింది.

నాకు మళ్లీ వీధి చివరిదాకా నడవడానికి మూడు నెలలు పట్టింది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం రోజూ సాధన. కోడలు లెక్కపెట్టేది. 'మామయ్యగారూ, అది ఏడే, పది కాదు' అని ఆడిట్ అభ్యంతరం! జావ మానేసి పప్పు, పెరుగు, గుడ్డు తిన్నాను. గుడ్డు సంగతి మా ఆవిడ ముందు అనకండి.

కనుక మీ ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరితే రోజూ డాక్టరు గారిని రెండు ప్రశ్నలడగండి: 'ఈరోజు కుర్చీలో కూర్చోబెట్టవచ్చా, నడిపించవచ్చా?' 'ఈ గొట్టం ఇంకా అవసరమా?' వారు వద్దంటే కారణముంటుంది, మీ అంతట మీరు లేపకండి. కదలలేనివారిని పక్కకు తిప్పుతున్నారా అనీ చూడండి. పుండ్లు పడితే మానడం కష్టం.

మరొకటి. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం ప్రకారం జిల్లా ఆస్పత్రిలో వృద్ధులకు 10 పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలి. మన దగ్గర అది ఎలా నడుస్తున్నదో చూసి వినతిపత్రం ఇద్దామని కార్యదర్శి గారిని కోరుతున్నాను. సోమవారం పదింటికి నేను ఆస్పత్రి గేటు దగ్గర ఉంటాను. నడవగలిగినవాళ్లు రండి.