ముందు మనిషిని పైకి తేవాలి



బొగ్గు బాయిలో పైకప్పు కూలితే రెస్క్యూ బృందం ఏం చేస్తుందో సెంటినరీ కాలనీలో ఎవరికీ చెప్పనక్కర లేదు. తప్పెవరిదో తర్వాత తేలుస్తారు, ముందు మనిషిని పైకి తెస్తారు. గంజాయికి చిక్కిన పిల్లల విషయంలోనూ నేను అడిగేది ఆ వరుసే.

జేబులో చిన్న పొట్లంతో కుర్రాడు పట్టుబడగానే మనకు గుర్తొచ్చేది పోలీస్ ఠాణా. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే ఇంకో దారి ఉంది. వ్యసనపరుడు వాడకం కేసులోనో, చిన్న మోతాదు కేసులోనో చిక్కినప్పుడు, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో తనంతట తాను చేరి చికిత్స చేయించుకుంటే ఆ నేరానికి విచారణ నుంచి 64ఏ సెక్షన్ మినహాయిస్తుంది. గంజాయికి చిన్న మోతాదు అంటే కిలో వరకు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవారిని శిక్షించకుండా సంరక్షణ ఇమ్మనే చెబుతోంది.

మరి ఆ కుర్రాణ్ని ఆసుపత్రి దాకా తీసుకెళ్లేదెవరు? ఒంట్లో వణుకుతో ఉన్నవాడు ఒక్కడే వెళ్లడు. తండ్రికి పరువు భయం, తల్లికి ఇంట్లో ఆడపిల్ల పెళ్లి ఏమవుతుందోనని దిగులు. క్వార్టర్లలో కబురు ఒక్క షిఫ్టు తిరిగేలోపు అన్ని వీధులకూ పాకుతుంది. పైగా చికిత్స మధ్యలో మానేస్తే చట్టం ఇచ్చిన మినహాయింపు రద్దు కావచ్చు. అందుకే నెలల తరబడి తోడుండే మనుషులు కావాలి. సాయంత్రం షటిల్ ఆడదాం రమ్మనే మిత్రుడు, అన్నీ తెలిసీ పనిలో పెట్టుకునే మెకానిక్ షెడ్డు యజమాని, తల్లికి తోడుగా ఆసుపత్రికి వెళ్లే పక్కింటి అక్క. వీళ్లు లేని చోట ఆ సెక్షన్ పుస్తకం దాటి రాదు.

ఇలాంటి తోడునే ఒక పద్ధతిగా చేస్తూ అమెరికాలోని సియాటెల్‌లో 2011లో ‘లీడ్’ అనే కార్యక్రమం మొదలైంది. చిన్నపాటి మత్తుమందు కేసుల్లో దొరికినవారిని జైలుకు పంపే బదులు, పోలీసులే సామాజిక కార్యకర్తలకు అప్పగిస్తారు. చికిత్స, ఇల్లు, పని వాళ్లు చూస్తారు. శిక్ష కన్నా మనిషి ముఖ్యమన్న ఆలోచన మనకూ కొత్త కాదు. మన తెలుగు నేల మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, అక్షరాలు దిద్దుకుంటూనే సారా మీద తిరగబడ్డారు. తాగే భర్తల్ని జైల్లో పెట్టమని కాదు వాళ్లు అడిగింది, సారా మా ఊళ్లోకి రావద్దని. మరుసటి ఏడాదే ప్రభుత్వం సారాను నిషేధించింది. కోపాన్ని ఎటు తిప్పాలో ఆ తల్లులకు తెలుసు. గంజాయి అమ్మేవాడి మీద మనమూ కఠినంగానే ఉందాం. చిక్కినవాణ్ని మాత్రం వదులుకోవద్దు.

ఈ రోజు పట్టా అందుకుంటున్న మీలో చాలామంది హైదరాబాద్‌కో, బెంగళూరుకో వెళ్తారు. వ్యసన విముక్తి కోసం 14446 అనే ఉచిత నంబరు ఉంది, ఫోన్లో పెట్టుకోండి. రూమ్మేట్‌కు అవసరం పడితే మీరే కలిపి ఇవ్వండి. ఇక్కడే ఉండేవారు కార్మిక సంఘాలను, మహిళా సంఘాలను, డాక్టరును, ఎస్సైని ఒక్కచోట కూర్చోబెట్టండి. మొదటిసారి దొరికిన పిల్లాడి ఇంటికి ఆ రాత్రే ఇద్దరు వెళ్లేటట్టు ఒక ఏర్పాటు చేయమని పట్టుబట్టండి. ఆ ఇద్దరిలో ఒకరిగా మీ పేరు రాయించండి.