కోకోతోటలో ఒక పగలు

చాకొలెట్టు నెరుగని పిల్లవాడు నేడు మన పల్లెలలో సైతము లేడు. కాని యది యేచెట్టు కాయనుండి వచ్చునని యడిగినచో పెద్దలలోనే చాలమంది బదులు చెప్పలేరు. ఆ చెట్టు మన పెరటిలోనే యుండుట యిందలి వింత. భారతదేశమున కోకోపంటలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటిస్థానము. గోదావరి జిల్లాలలోని కొబ్బరితోటలును, ఆయిల్‌పాము తోటలును దానికి నెలవులు. ఏలూరు జిల్లాలో నొక కుటుంబమువారు తమ కొబ్బరితోటలో పండిన కోకోతో నింటనే చాకొలెట్టు చేయుచు, వచ్చినవారి కాపని యంతయు చూపుచున్నారని విని, వేసవి కోత సాగుచున్న దినములలో నచ్చటికి వెళ్లితిని.

ఎండలోనుండి తోటలో కడుగిడగానే చల్లదనము తగిలినది. పైన కొబ్బరి మట్టల నీడ, దాని క్రింద కోకోచెట్ల నీడ, కాలిక్రింద చీలమండలోతున రాలిన యాకు. ఆ యాకును ఊడ్చివేయరాదని యింటి యజమాని చెప్పెను. తేమకొరకు మాత్రమే కాదు. కోకోపూవు చాల చిన్నది. దానిలోనికి తేనెటీగ దూరలేదు. కుళ్లిన యాకులో పుట్టు నలుసువంటి దోమజాతి పురుగులే పరాగమును మోయవలెను. చెట్టున వేలకొలది పూవులు పూచినను, నూటికి ఐదైన కాయలు కావు. తోటను అద్దమువలె ఊడ్చిన రైతునకు పంట తగ్గుట కిదియే కారణము. శుభ్రము సైతము చెట్టు నడిగి చేయవలసినదే కాబోలు!

కాయలు కొమ్మల చివర గాక, మొదలునకే యతుకుకొని, చాళ్లు తీరిన దోసకాయలవలె వ్రేలాడును. పనసచెట్టును చూచిన మన కిది క్రొత్తగాదు. పిందె పడినది మొదలు పండుటకు ఐదారు నెలలు పట్టును. ఉడుతలును, ఎలుకలును మనకన్న ముందే ఆ పండును కనిపెట్టును. కాయను చితుకగొట్టగా ముప్పది నలుబది గింజలు తెల్లని గుజ్జులో పొదిగి యుండెను. ఆ గుజ్జు చప్పరించిన సీతాఫలమును, పుల్లని మామిడిని కలిపినట్లున్నది. గింజ కొరికితినా, చేదు, వగరు. చాకొలెట్టు వాసన లేశమును లేదు!

ఈ చెట్టు మనది గాదు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాను నదీతీరారణ్యము. మెక్సికో దేశపు అజ్టెక్కులు ఈ గింజలను నూరి నురుగు పానీయముగా త్రాగిరి, నాణెములుగా సైతము వాడిరి. 1753లో లిన్నేయసు దీనికి ‘దేవతల యాహారము’ అను నర్థము గల శాస్త్రీయనామము పెట్టెను. మన దక్షిణమున 1798లోనే కుర్తాళమున నాటినను, సాగుగా నిలిచినది 1960 తరువాత, కేరళమున. గోదావరి మండలమునకు వచ్చి కొన్ని దశాబ్దములే యైనది.

అసలు విద్య యంతయు కొట్టము వెనుకనున్న చెక్కపెట్టెలలో నున్నది. పచ్చిగింజలను గుజ్జుతోనే పెట్టెలో పోసి, అరటియాకులు, గోనెపట్టలు కప్పుదురు. మొదటి రెండుదినములు మద్యము పులిసిన వాసన. గుజ్జులోని చక్కెరను పులియజేయు సూక్ష్మజీవుల పని యది. పిమ్మట గింజలను వేరొక పెట్టెలోనికి తిరుగబోయగా గాలి తగిలి మద్యము పులుసుగా మారును. ముక్కుపుటము లదరగొట్టు వాసన. నేను పెట్టెలో చేయి పెట్టి వెంటనే తీసికొంటిని. లోపలి వేడిమి 50 డిగ్రీల దరిదాపున నున్నది. ఆ వేడికి, ఆ పులుపునకు గింజలోని మొలక చచ్చును. మొలక చచ్చిననే గాని చాకొలెట్టు రుచికి బీజము పడదు. ఆరుదినముల తరువాత కళ్లములో ఎండబెట్టుదురు. రమారమి మూడుకిలోల పచ్చిగింజ కొక కిలో ఎండుగింజ మిగులును.

ఇంటి పెద్దకుమారుడు ఎండుగింజల నడిమికి కోసి చూపెను. ఒకటి గోధుమవన్నె, పగుళ్లు వారినది. ఒకటి నేరేడుపండు వన్నె, గట్టిది. మొదటిది పులిసినది, రెండవది సరిగా పులియనిది. తండ్రి నవ్వి, “రేటున్నప్పుడు లోపల ఏ రంగో అడిగినవాడు లేడండి. ఇప్పుడు కోసి మరీ చూస్తున్నారు” అనెను. 2024లో పశ్చిమాఫ్రికాలో పంట చెడి, ప్రపంచపు విపణిలో టన్ను ధర పదివేల డాలర్లు దాటినది. ఇచ్చట కిలో వేయి రూపాయలు పలికినది. 2025లో నది సగమునకు దిగినది, రైతులు వీథులకెక్కిరి. ఘానాలో వాన కురిసినదా లేదా యనుటపై ఏలూరు జిల్లాలోని యొక పెండ్లిఖర్చు ఆధారపడి యుండుట విన్నప్పుడు నాకు నవ్వురాలేదు.

చాకొలెట్టు చేయవలెనన్న తలంపు కుమారునిది, వలదన్నవాడు తండ్రి. ఆ తగవింకను తీరలేదు, నా యెదుటనే సాగినది. కుమారుని లెక్క యిది: నూటికి 70 పాళ్లు కోకో గల నూరుగ్రాముల బిళ్లకు, పొట్టును తేమయు పోగా, 90 గ్రాముల గింజ చాలును, కిలో ఐదువందల చొప్పున దాని వెల 45 రూపాయలు. బిళ్ల వెల దానికెన్నో రెట్లు. తండ్రి లెక్క వేరు: “మనం బిళ్లలు చేసేది పదోవంతు గింజతోనేరా. మిగతా తొమ్మిదొంతులూ కాటా మీదికే కదా వెళ్లాలి!” ఇద్దరి మాటయు నిజమే. నాకు మాత్రము తండ్రిమాటయే యెక్కువ బరువైనదిగా తోచినది.

వేయించిన గింజలను నాయనమ్మగారు చేటలో చెరుగుచుండిరి. పొట్టెగిరి గుండలు మిగులుట చూడ ముచ్చటగా నుండెను. పిమ్మట గుండలను రుబ్బుటకు మన యిడ్లీపిండి గ్రైండరువంటిదే పెట్టిరి. అమెరికాలోను, ఐరోపాలోను చిన్నచిన్న చాకొలెట్టుశాలలవారు సైతము దక్షిణాదివారి యీ రాతిగ్రైండరునే మార్చుకొని వాడుచున్నారు. గింజలో సగము కొవ్వే గనుక, నీరు చుక్కయైన వేయకయే గంటసేపటి కది జారుగా నగును. నున్ననగుటకు రెండుమూడుదినములు తిరుగవలెను.

ఇరువది యేండ్లుగా గింజ లమ్మినను, నాయనమ్మగారు తమ చెట్టు చాకొలెట్టు తినినది మూడేండ్ల క్రిందటనే. నోటిలో వేసికొని, “ఇంత చేదా! కాస్త బెల్లం వెయ్యండిరా” అనిరట. వేసిరి, బెల్లపు తేమకు చాకొలెట్టంతయు ముద్దగట్టినది. కోడలు తాటిబెల్లమును పొడిగొట్టి, గలగలలాడువరకు ఆరబెట్టి, మరల ప్రయత్నించినది. ఇప్పుడు వచ్చినవారెల్లరు మొదట నడుగునది ఆ బిళ్లనే.

కడపటి పని పదును పట్టుట. కోకో వెన్న ఆరు విధములుగా పేరుకొనును. అందు ఐదవ విధముననే బిళ్లకు నిగనిగయు, విరిచిన ఠప్పుమను చప్పుడును వచ్చును. అందుకై కరగించి, 28 డిగ్రీలకు చల్లార్చి, మరల 31కి వెచ్చజేయవలెను. బయట 40 డిగ్రీలు కాయుచుండగా నిది జరుగునా? ఆ యింట చల్లనియంత్రము పెట్టిన గది యొక్కటే. అందు మంచము లేదు, అచ్చులున్నవి. తండ్రి మధ్యాహ్నము కునుకు తీయుటకు చాపతో నాగదిలోనికే పోవుచున్నాడని కోడలు నవ్వుచు చెప్పినది.