మహమ్మారి మాటున రాచపుండు



విద్యాదానమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పదవీవిరమణ మొందిన పంతులుకు అది కంఠస్థమైన విషయమే. కావుననే దానిని నేటికి విడిచి, రాచపుండును, అనగా క్యాన్సరును గూర్చి మనవి చేసెదను.

2020 మార్చి 25వ తేదీ మొదలు దేశమంతట రాకపోకలు స్తంభించెను. కోవిడు సోకి మరణించినవారిని ఎల్లరును లెక్కించిరి. అది సోకకయే దానిమూలమున వైద్యమునకు దూరమైనవారి లెక్క మనలో పెక్కండ్రకు తెలియదు. దేశమందలి 41 క్యాన్సరు వైద్యశాలలలో 2019 మార్చి మొదలు మే వరకు 1,12,270 మంది క్రొత్త రోగులు పేళ్లు వ్రాయించుకొనిరి. 2020లో అవే మూడు నెలలలో వచ్చినవారు 51,760 మంది మాత్రమే. పెద్ద శస్త్రచికిత్సలు ఇంచుమించు సగమయ్యెను. మిగిలిన అరువదివేల మందికి రోగము రాక తప్పినదా? రోగమునకు రైళ్లతో పనిలేదు గదా!

పడకలు కోవిడు రోగులకు పోయెను. వైద్యులు, నర్సులు ఆ విధులకు మరలింపబడిరి. వారిని నిందించుట ధర్మము కాదు. క్యాన్సరు మందులు తెల్లరక్తకణములను తగ్గించును; అట్టి రోగికి కోవిడు సోకిన ప్రాణాపాయము. మందిచ్చినను భయమే, మానినను భయమే. రేడియేషను సంగతి మరింత కఠినము. అది సాధారణముగా వారమునకు ఐదు దినముల చొప్పున పెక్కువారములు సాగవలెను. నడుమ విరామము కలిగినచో మిగిలిన దుష్టకణములు మరల వృద్ధినొందును.

చికిత్సకు ముందు జరిగిన ఆలస్యము వేరు. మన శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమల తల్లులలో కొందరు అడ్డపొగ త్రాగుట మీరెరుగుదురు. చుట్ట నిప్పు నోటిలోపల నుంచుటచే అంగిటిలో పుండు లేచును. నొప్పి లేనంతవరకు దానిని లెక్కసేయరు. ఇంట చెప్పనే చెప్పరు. మామూలు దినములలోనే ఇట్లుండగా, ఆసుపత్రికి పోయిన కోవిడు అంటునను భయము తోడైనది. ముక్క తీసి పరీక్షించినగాని రోగము నిశ్చయము కాదు. శస్త్రచికిత్స నాలుగు వారములు ఆలస్యమైనచో మరణభయము నూటికి 6 మొదలు 8 వంతులు హెచ్చునని 2020లో వెలువడిన పరిశోధన తెల్పినది.

విశాఖలోని మన కల్యాణమంటపముపై మరియొక అంతస్తు లేపుదురని వినుచున్నాను. సంతోషము. ఆనాడు ఏబదిమందితోనే పెండ్లిండ్లు జరుపుకొంటిమన్నది మరచితిమి కాబోలు! ఆ అంతస్తులో నాలుగు గదులను చికిత్సకై వచ్చు రోగులకును, వెంటవచ్చువారికిని చికిత్సాకాలమంతయు ఉచితముగా నొసగవలెనని పోషకులను ప్రార్థించుచున్నాను. బండ్లు నిలిచిననాడు ఊరిలోనే బసయున్న రోగికి రేడియేషను తప్పదు. పల్లెలో చిక్కుకొన్నవానికి తప్పును. గదికి రెండు మంచములు, వంటకొక పొయ్యి చాలును. మొదటి మంచము వెలను నా పింఛనునుండి కోశాధికారిగారికి ఈ యుదయమే చెల్లించితిని. తక్కిన లెక్క సాయంకాలపు కార్యవర్గ సమావేశమున చూతము.