కండరాలను సడలించే మాత్రలు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. 35 ఏళ్ళు ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. నడుము నొప్పి పుణ్యమా అని మందుల గురించి డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్న నాలుగు మాటలు మనవి చేస్తాను.

నడుమో మెడో పట్టేసినప్పుడు రాసే మాత్రల్లో చాలాసార్లు నొప్పి మందుతోపాటు క్లోర్‌జోక్సజోన్ గాని, థయోకాల్చికోసైడ్ గాని కలిసి ఉంటుంది. కండరాలను సడలించే మందు కదా, పట్టేసిన చోటికే వెళ్ళి పనిచేస్తుందని మనం అనుకుంటాం. నిజానికి ఇలాంటి మందులు చాలావరకు మెదడు, వెన్నుపాముల మీద పనిచేస్తాయి. అంటే కింది ఆఫీసును వదిలి, ఉత్తర్వులిచ్చే పై ఆఫీసుకే జోకొడతాయన్నమాట. టిజానిడిన్, బాక్లోఫెన్ అనేవి కండరాన్ని బిగుసుకోమని చెప్పే నరాల సంకేతాలను తగ్గిస్తాయి. డాంట్రోలిన్ లాగా నేరుగా కండరంలో పనిచేసేవి అరుదు.

పై ఆఫీసు కునుకు తీస్తే అన్ని సెక్షన్లూ మందగిస్తాయి కదా! అందుకే మగత, తూలు వస్తాయి. టిజానిడిన్ బి.పి.ని కూడా తగ్గిస్తుంది. పట్టేసిన నడుము తరచు కొద్ది రోజుల్లోనే సర్దుకుంటుంది. కాని మన వయసులో రాత్రి బాత్‌రూముకు లేచి తూలి పడితే తుంటి ఎముక విరిగి మంచాన పడే ప్రమాదం ఉంది. అమెరికాలో వృద్ధుల వైద్యనిపుణులు రూపొందించే బీర్స్ జాబితా, 65 దాటినవారికి క్లోర్‌జోక్సజోన్ వంటివి ఇవ్వకపోవడమే మేలంటుంది. థయోకాల్చికోసైడ్ మాత్రలను వరుసగా 7 రోజులకు మించి వాడరాదని యూరప్ మందుల సంస్థ 2013లో సూచించింది.

ఏళ్ళ తరబడి ఉన్న నడుము నొప్పికి ఈ మాత్రలు మేలు చేస్తాయనడానికి ఆధారాలు తక్కువ. డాక్టరు చెప్పిన నడక, వ్యాయామాలే దానికి అండ.

పక్షవాతం తరువాత బిగుసుకుపోయే కాళ్ళు చేతుల సంగతి వేరు. అప్పుడు బాక్లోఫెన్ వంటివి దీర్ఘకాలం వాడవలసి రావచ్చు. కొంతకాలంగా వాడుతున్న బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా ఆపరాదు. భ్రమలు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పాలి. టిజానిడిన్ వాడేవారు సిప్రోఫ్లోక్సాసిన్ వేసుకోకూడదు. కనుక ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా, వాడుతున్న మందులన్నీ చూపించండి.

చివరిగా ఒక మాట. గడువు దాటిన మంజూరు మీద ఒక్క బిల్లు కూడా పాస్ చేయని వాళ్ళం మనం. పాత చీటీ మీద మందులు ఎలా కొంటాం? పిల్లలూ, మీరూ కొని తేవద్దు.

సెలవు.