కంటిగూటికి ప్రాకు ముక్కు కంతులు: వడ్లపని సోదరులకు విన్నపము



ఇనుము, కొయ్య, కంచు, శిల, బంగారము అను ఐదు వృత్తుల వలన లోకమునకు నాగలిని, ఇంటికి తలుపును, గుడికి విగ్రహమును సమకూర్చిన విశ్వబ్రాహ్మణ కులము మనది. అందు వడ్లపని చేయువారికి ముఖ్యముగా తెలియవలసిన యొక వ్యాధిని గూర్చి నాలుగు మాటలు విన్నవింతుము.

ముక్కునకు ఇరుప్రక్కల ఎముకలలో గాలితో నిండిన గుల్లలు కలవు. వీనినే సైనసు లందురు. చెంప లోపలి గుల్లకు పైకప్పు ఏదియో, కంటిగూటికి నేల యదియే. ముక్కునకును కంటికిని నడుమనున్న గోడ మఱింత పలుచన; శాస్త్రజ్ఞులు లాటిను భాషలో దానికి 'కాగితపు పలక' యనియే పేరిడిరి. గుల్లలో పుట్టిన కంతి ఈ గోడలను తొలిచియో, నరములును రక్తనాళములును పోవు సందుల వెంబడియో కంటిగూటిని చేరును. 2021లో కరోనా వెనుక వచ్చిన 'బ్లాక్ ఫంగస్' ముక్కునుండి కంటికి ప్రాకుట మనమందఱము వింటిమి. వ్యాధి వేఱైనను త్రోవ యిదియే.

ఇందు మన వృత్తి ప్రసక్తి యేమన, ఇంగ్లండు దేశమున హైవికం పట్టణము కుర్చీల తయారీకి పేరొందినది. అచ్చటి వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్, కొయ్యసామాను చేయువారిలో ఈ యరుదైన క్యాన్సరు హెచ్చుగా నుండుట గమనించెను. 1968లో ఆమెయు, సహచరులును దానిని ప్రకటించిరి. 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కొయ్యపొడిని క్యాన్సరు కారకముల పట్టికలో చేర్చెను. అయినను భయపడి వృత్తిని విడువ నక్కఱలేదు. పొడి పీల్చిన వారందఱికిని ఇది రాదు. వచ్చినచో, పెక్కేండ్లు, ఒక్కొక్కప్పుడు నలువది యేండ్లు గడచిన పిమ్మట బయటపడును. కావున చేతిపని మానిన వృద్ధులును జాగ్రత్త వహింపవలెను.

వాన కఱవైన మన అనంతపురపు మెట్టలో గాలి వీచిన దుమ్ము లేచును. ముక్కు మూసికొనిపోయినచో దుమ్ము పడలేదనుకొని, ఆవిరి పట్టి యూరకుందుము. ముప్పంతయు ఈ యాలస్యముననే కలదు. ఒక్క ప్రక్కనే వారముల తరబడి ముక్కు మూసికొనియుండుట, అందుండి నెత్తురు వచ్చుట, చెంప తిమ్మిరెక్కుట, పైపండ్లు కదలుట, ఎడతెగక కన్నీరు కాఱుట, కనుగ్రుడ్డు ముందుకు గాని ప్రక్కకు గాని తొలగుట, ఒకటి రెండుగా కనబడుట - ఇవి జలుబు లక్షణములని త్రోసిపుచ్చరాదు.

కంటిగూటికి లోపల దట్టమైన పొర యొకటి కలదు. కంతి దానిని దాటకమున్నే కనిపట్టినచో, శస్త్రచికిత్సచేతను, కిరణ చికిత్సచేతను కన్నును నిలుపుటకు తఱచు వీలగును. దాటి కండరములను పట్టినచో, ప్రాణము కొఱకు కన్నునే తీయవలసి రావచ్చును. కన్ను దక్కుటయు దక్కకపోవుటయు మనము వైద్యుని చూచు దినముపై నాధారపడి యున్నది.

అనంతపురము ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో ముక్కు వైద్యులు కలరు. పెద్దచికిత్స కావలసిన, 1973లో ఏర్పడిన బెంగుళూరు కిద్వాయి సంస్థ మనకు దూరము కాదు. అర్హులైన పేదలకు ఎన్.టి.ఆర్. వైద్యసేవ క్రింద క్యాన్సరు చికిత్సకు సహాయము కలదు.

పోషకులకు మా ప్రార్థన యిది: చిత్రిక పట్టుచోటను, ఉప్పుకాగితముతో రుద్దుచోటను పొడిని లాగివేయు యంత్రములను, ముక్కునకు తగిన మాస్కులను పేద పనివారికి సమకూర్పుడు, చికిత్సకై పోవు రోగికి దారిబత్తెము నొసగుడు. పనివారలారా, పొడిని చీపురుతో లేపక తడిపి యెత్తుడు. కొయ్యలో వంకరను కనిపట్టునది మన కన్ను; దానిని కాపాడుకొనుట మన ధర్మము.