చివరి మజిలీ

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన చంద్రపూర్ వాసులకు యాత్ర కొత్త కాదు. ఏటా చైత్రమాసంలో మహాకాళి అమ్మవారి జాతరకు మరాఠ్వాడా నుండి, తెలంగాణ నుండి తరలివచ్చే భక్తులను చూస్తూనే ఉన్నాము. వారిని చూసినప్పుడల్లా నేనూ ఒక దీర్ఘయాత్ర చేయాలని తలచేదానిని. 2019 ఆషాఢంలో సెలవు పెట్టి, జ్ఞానేశ్వర మహారాజ్ పల్లకి వెంట ఆళంది నుండి పండరిపురానికి సాగే వారీ యాత్రలో ఒక దిండీతో కలిసి నడిచాను.

అది సుమారు 250 కిలోమీటర్ల దూరం, దాదాపు 20 రోజుల ప్రయాణం. పుణె, దివే ఘాట్, జేజురి, ఫల్టణ్ దాటి వేళాపూర్ చేరేంతవరకు పాదాలు నా మాట విన్నాయి. ఆ సాయంత్రం నీళ్ళ ట్యాంకరు వద్ద బురదలో జారి కుడికాలి చీలమండ మడతపడింది. ఇక మిగిలినవి మూడు మజిలీలే: భండీశేగావ్, వాఖరీ, పండరిపురం. ఇంతదూరం వచ్చి ఆగడమా అన్న పంతంతో గుడ్డ బిగించి కట్టుకొని, ఎవరికీ చెప్పక మరునాడు వరుసలో నిలిచాను.

గంట గడవకముందే, తులసికోటను తలపై మోస్తున్న ఒక వృద్ధ రైతు మహిళ నా చేయి పట్టి ఆపింది. “మావులీ, నీ వెనుక వరుసంతా ఆగిపోతున్నది. చెప్పుకుంటే పుణ్యం పోతుందా?” అన్నది. మావులీ అంటే తల్లి. వారకరీలు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు.

దారిలోని వైద్య శిబిరంలో డాక్టరు పరీక్షించి, ఎముక విరగలేదని, కాలికి విశ్రాంతి తప్పదని చెప్పి కట్టు కట్టారు. దిండీ సామాను లారీలో, పరుపుచుట్టల మీద కాలు చాపుకొని కూర్చున్నాను. సిగ్గుతో కన్నీరు వచ్చింది. ఆ లారీలోనివారు తెల్లవారుజామునే గుడారాలు విప్పి, ముందుగా వెళ్ళి, వందలమందికి వంట చేసేవారు. ఊరేగింపులో నడిచే భాగ్యం వారికి దక్కదు. అయినా యాత్ర నడిచేది వారి వల్లనే. రెండు రోజులు వారితో కూర్చుని వెల్లుల్లి ఒలిచాను.

అప్పుడొక విద్యార్థి గుర్తుకు వచ్చాడు. పదవ తరగతి పరీక్షలకు నెల ముందు తలనొప్పి అని వస్తే, “చివరలో సాకులు చెప్పకు, పట్టుదల ఉండాలి” అని తరగతికి పంపివేశాను. అతనికి బల్లమీది అక్షరాలు కనిపించడం లేదని పరీక్షలయ్యాక తెలిసింది. అతను బాధ చెప్పుకున్నాడు, నేనే వినలేదు.

దశమినాడు డాక్టరు మళ్ళీ చూసి, నొప్పి పెరిగితే ఆగాలన్న షరతుతో అనుమతించారు. వాఖరీ నుండి ఒక చేత కర్ర, మరొక చేయి ఆ పెద్దమ్మ భుజంపై వేసి పండరిపురం చేరాను. క్యూ చాలా దూరం ఉండడంతో గర్భగుడిలోకి వెళ్ళలేదు. నామదేవుని మెట్టు వద్ద తలవంచి, శిఖర కలశానికి నమస్కరించి తిరిగివచ్చాను. లోటు తోచలేదు.

తల్లిదండ్రులారా, గమ్యం దగ్గరపడిన కొద్దీ పిల్లలు తమ నొప్పిని దాచుకుంటారు. “ఇంకొంచెమే, ఓర్చుకో” అనే ముందు “ఎక్కడ నొప్పి?” అని అడుగుదాము. ఈ పాఠశాల 75 ఏళ్ళు నడిచింది కూడా ముందు వరుసలో నడిచినవారి వల్ల మాత్రమే కాదు. గంట కొట్టినవారు, గదులు ఊడ్చినవారు, ఫీజు కట్టలేని పిల్లలకు చాటుగా పుస్తకాలు కొనిపెట్టినవారు మన లారీలోని యాత్రికులు. వారందరికీ ఈ వేదిక నుండి నా పాదాభివందనం.