నక్షత్రముల అంత్యదశ – కృష్ణబిలములు



విశాఖపట్టణమున 1840లో గోడే వేంకట జగ్గారావుగారు ఒక నక్షత్రశాలను నెలకొల్పిరి. వారి అల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు 1874లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా సాగుటను పరిశీలించిరి. ఆయన సతీమణి పేరిట వెలసిన ఏ.వి.ఎన్. కళాశాలలో చంద్రశేఖర అయ్యరుగారు గణిత, భౌతికశాస్త్రములను బోధించిరి. ఆయన కుమారుడు సర్ సి.వి. రామన్, మనుమడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. నక్షత్రముల అవసానమున కొక హద్దు గలదని లెక్కించి చూపినవాడు ఈ మనుమడే.

నక్షత్రగర్భమున ఉదజని హీలియముగా మారునపుడు వేడి పుట్టును. ఆ వేడివలన కలుగు ఒత్తిడి, లోనికి లాగు గురుత్వాకర్షణకు ఎదురు నిలుచును. మహానక్షత్రములలో ఈ క్రమము ఇనుము వరకు సాగును. విశాఖ ఉక్కు కర్మాగారపు కొలుములలో కరగు ఇనుము ఏ ధాతువో, ఇదియు నదియే. ఇనుము కలయికవలన శక్తి పుట్టదు. కావున అచట కేంద్రము కుంగక తప్పదు.

1930లో, 19 ఏండ్ల ప్రాయమున, ఓడలో ఇంగ్లండుకు పోవుచు చంద్రశేఖర్ ఈ గణనకు పూనెను. చల్లారిన శ్వేతకుబ్జ నక్షత్రము ఒక హద్దు దాటి తన బరువును తాను మోయజాలదు. ఆ హద్దు సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. దాటినచో, న్యూట్రానుల ఒత్తిడి కొంతవరకు ఆపును; అదియు చాలనిచో పతనమునకు అడ్డు లేదు. సూర్యునంతటి రాశి సుమారు 3 కిలోమీటర్ల వ్యాసార్ధములో ఇమిడినచో వెలుగు సైతము వెలికి రాజాలదు. అదియే కృష్ణబిలము.

మద్రాసులో చదువుకొను నాడు చంద్రశేఖర్‌కు బహుమానముగా లభించిన నక్షత్రశాస్త్ర గ్రంథమును రచించినది ఎడ్డింగ్టన్ పండితుడు. 1935 జనవరి 11న లండను సభలో అతని సిద్ధాంతమును పరిహసించినదియు ఆయనయే. సభ పెద్దవాని పక్షము వహించెను. చంద్రశేఖర్ తన లెక్కను విడువలేదు. 1939లో దానిని గ్రంథస్థము చేసెను. ఆ యేటనే ఓపెన్‌హైమర్, స్నైడర్‌లు పతనక్రమమును సమీకరణములతో చూపిరి. 1983లో చంద్రశేఖర్‌కు నోబెల్ బహుమతి లభించెను. 2015లో, సూర్యునికి సుమారు 30 రెట్ల రాశిగల రెండు కృష్ణబిలములు ఏకమైనపుడు పుట్టిన తరంగములు యంత్రములకు చిక్కెను.

గ్రంథము యువకునికి ప్రశ్న నిచ్చినది. గ్రంథకర్త కాదన్నను, లెక్క అతనికి ధైర్యము నిచ్చినది. పాఠకుని తనకు దాసునిగా గాక, తన్ను పరీక్షించువానిగా తీర్చుటయే ఉత్తమగ్రంథ లక్షణము. పల్లెబిడ్డల చేతికి అట్టి గ్రంథములను అందించుచు ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!